పురుగు గుడ్డు చెప్పిన సాక్ష్యం: మలపరీక్ష నమూనా తయారీ చరిత్ర - తెలుగు పేర్లు - సంజామల నేల

వ్యాససంగ్రహం:

పేగుల్లో జీవించే పరాన్నజీవులను మలంలోని వాటి గుడ్ల ఆధారంగా సూక్ష్మదర్శినితో గుర్తించే పద్ధతి పంతొమ్మిదో శతాబ్ది మధ్యకాలంలో మొదలైంది. ఆ పరీక్షకు మలాన్ని సిద్ధం చేసే విధానాలు కాలక్రమంలో ఎలా మారాయో, ఆ మార్పు రోగంపై మనకున్న అవగాహనను ఎలా మార్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కంటికి కనిపించే పురుగులకు తెలుగులో వాడుక పేర్లున్నాయి. కనిపించకుండా రక్తం పీల్చే కొంకిపురుగుకు మాత్రం సూక్ష్మదర్శిని వచ్చిన తర్వాతే పేరు వచ్చింది. నంద్యాల జిల్లా సంజామల ప్రాంతపు నేల, ఆహారం, పని పద్ధతులను ఉదాహరణగా తీసుకొని, పాత సర్వేల అంకెలను వాటి వెనుకనున్న పరీక్షా పద్ధతితో కలిపి చదవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: మలపరీక్ష, కొంకిపురుగు, ఏలికపాము, నులిపురుగు, పాండురోగం, మద్రాసు ప్రెసిడెన్సీ, సంజామల.

1. ప్రవేశిక:

తెలుగునాట సూక్ష్మదర్శిని చరిత్ర అనగానే గుర్తుకు వచ్చేది సికింద్రాబాదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది అక్కడే. ఆ ఘట్టానికి స్మారకాలున్నాయి, పాఠ్యాంశాల్లో చోటుంది. అదే సూక్ష్మదర్శిని కింద అంతకంటే ఎక్కువసార్లు పెట్టిన మరొక పదార్థానికి చరిత్రకారులు అంతగా చోటివ్వలేదు. అది మనిషి మలం. మాట్లాడటానికే సంకోచించే వస్తువు కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

ఒక ఊళ్లో ఎంతమందికి పురుగులున్నాయో చెప్పే ప్రతి అంకె వెనుకా ఒక స్లైడు ఉంటుంది. ఆ స్లైడు మీద ఎంత మలం పెట్టారు, దేనితో కలిపారు, ఎంతసేపు ఉంచారు అన్న విషయాలను బట్టి ఆ అంకె మారుతుంది. కాబట్టి నమూనా తయారీ చరిత్ర ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. గతకాలపు ఆరోగ్యాన్ని గురించి మనకు ఏమి తెలుసు, ఎంతవరకు తెలుసు అన్న ప్రశ్నకు అది జవాబు చెబుతుంది.

2. కంటికి కనిపించినవి - పేరు పొందినవి:

తెలుగు వాడుకలో పేగు పురుగుల పేర్లను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. జానెడు పొడవున మలంలో పడే పురుగు ఏలికపాము. పిల్లలకు రాత్రివేళ ఆసనం వద్ద దురద పుట్టించే సన్నని తెల్లని పురుగు నులిపురుగు. ముక్కలు ముక్కలుగా పడే చదునైన పురుగు బద్దెపురుగు. గొర్రెల కడుపులోని పురుగులు నట్టలు. పశుసంవర్ధకశాఖ వారి 'నట్టల నివారణ' కార్యక్రమం ఆ పేరునే వాడుతోంది. కాలి పుండులోంచి దారంలా బయటికి వచ్చే పురుగు వల్ల కలిగే వ్యాధి నారికురుపు. దిగుడుబావుల నీళ్లు తాగిన రాయలసీమ పల్లెలకు ఇది బాగా తెలిసిన బాధ. 2000 సంవత్సరంలో భారతదేశం నారికురుపు నుంచి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. వ్యాధి పోయినా పేరు పెద్దవాళ్ల నోట మిగిలే ఉంది.

ఇవన్నీ కంటికి కనిపించిన పురుగులు. ఈ వరుసలో కొంకిపురుగు లేదు. సెంటీమీటరు పొడవున్న ఈ పురుగు చిన్నపేగు గోడను పట్టుకొని రక్తం పీలుస్తుంది. సాధారణంగా మలంతోపాటు బయటికి రాదు కనుక దాన్ని ఎవరూ చూడలేదు, పేరు పెట్టలేదు. కొంకి అంటే వంకర తిరిగిన కొక్కెం. 'కొంకిపురుగు' అనే మాట, అలాగే 'కొరడాపురుగు' అనే మాట, జీవశాస్త్ర పాఠ్యపుస్తకాల కాలంలో పురుగు ఆకారాన్ని బట్టి కల్పించుకున్నవి. సంజామల రైతు ఇంట్లో ఏలికపాము అంటే అర్థమవుతుంది. కొంకిపురుగు అంటే బడికి వెళ్లే పిల్లలకే అర్థమవుతుంది.

పురుగుకు పేరు లేకపోయినా దాని ఫలితానికి పేరుంది. పాండురోగం ఆ పేరు. చరకసంహిత కృములను ఇరవై రకాలుగా విభజించింది. వాటిలో పురీషజ కృములు అయిదు. అదే గ్రంథం మట్టి తినడం వల్ల కలిగే పాండురోగాన్ని ప్రత్యేకంగా చెప్పి, ఆ రోగి కోష్ఠంలో కృములుంటాయని కూడా పేర్కొంది. పాలిపోవడం, మట్టి, పురుగు అనే మూడింటినీ ఒకచోట చేర్చిన పరిశీలన అది. అయితే ఆ మూడింటినీ కలిపే లింకు, అంటే మలంతో నేలకు చేరే గుడ్డు, కంటికి అందనిది. కనుక ఆ సంబంధం ఊహకు దగ్గరగా వచ్చి ఆగిపోయింది.

3. గుడ్డు సాక్ష్యంగా మారిన కాలం:

1838లో మిలాన్ నగరంలో ఆంజెలో దుబీని ఒక గ్రామీణ స్త్రీ మృతదేహాన్ని పరీక్షిస్తూ కొంకిపురుగును కనుగొన్నాడు. అప్పటికి ఈ పురుగును చూడాలంటే రోగి చనిపోవలసిందే. బతికున్న మనిషిలో పురుగును గుర్తించడానికి దాని గుడ్లను మలంలో వెతకవచ్చునన్న ఆలోచనను 1850వ దశకంలో ఫ్రెంచి వైద్యుడు కసిమీర్ దవేన్ ముందుకు తెచ్చాడు. 1878లో ఇటలీలో గ్రాస్సీ, పరోనా సోదరులు కొంకిపురుగు గుడ్లను మలంలో చూపి, రోగనిర్ధారణకు మార్గం వేశారు. రెండేళ్లకే ఆల్ప్స్ పర్వతాల్లో సెయింట్ గొథార్డ్ రైలు సొరంగం తవ్వుతున్న కూలీలు పాలిపోయి కుప్పకూలడానికి ఈ పురుగే కారణమని ఎదోఆర్దో పెర్రోంచీతో పరిశోధన తేల్చింది.

పురుగు శరీరంలోకి ఎలా చేరుతుందన్న ప్రశ్నకు జవాబు కూడా మలపరీక్షే చెప్పింది. కైరోలో ఆర్థర్ లూస్ ప్రయోగం చేస్తుండగా కొంకిపురుగు పిల్లలున్న నీటిచుక్క ఆయన చేతిమీద పడింది. కొంతకాలానికి ఆయన తన మలాన్ని తానే పరీక్షించుకోగా అందులో కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. నోటి ద్వారా మాత్రమే కాక చర్మం ద్వారా కూడా పురుగు ప్రవేశిస్తుందని దీనితో తెలిసింది. చెప్పులు లేకుండా పొలం పనిచేసే ప్రతి దేశానికీ ఇది ముఖ్యమైన సమాచారం.

4. 'ఉందా?' నుంచి 'ఎన్ని?' వరకు:

మొదటి పద్ధతి చాలా సులభం. గాజు స్లైడు మీద ఒకవైపు సెలైన్ చుక్క, మరొకవైపు అయొడిన్ చుక్క వేసి, అగ్గిపుల్ల కొనతో తీసిన సుమారు 2 మిల్లీగ్రాముల మలాన్ని రెండింటిలోనూ కలిపి, కవర్‌స్లిప్ మూసి చూస్తారు. పూత మందం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. స్లైడు కింద వార్తాపత్రిక పెడితే అక్షరాలు చదవగలగాలి. ఏలికపాము గుడ్డు పైత్యరసపు రంగు పట్టి గోధుమవర్ణంలో, గరుకైన పైపొరతో ఉంటుంది. కొరడాపురుగు గుడ్డు రెండువైపులా బిరడాలు బిగించిన చిన్న మద్దెలలా కనిపిస్తుంది. సుమారు 60 మైక్రాన్ల పొడవు, 40 మైక్రాన్ల వెడల్పు ఉండే కొంకిపురుగు గుడ్డుకు రంగు అంటదు. పలుచని పెంకు లోపల నాలుగైదు కణాల ముద్ద మాత్రం కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో చూసే మలం మరీ తక్కువ. గుడ్లు కొద్దిగా ఉంటే అవి తప్పిపోతాయి. ఈ లోపాన్ని సరిదిద్దేందుకు 1921లో విల్లిస్ ఉప్పునీటి పద్ధతిని ప్రకటించాడు. ఇక కరగనంతగా ఉప్పు కలిపిన నీటిలో మలాన్ని కలియబెట్టి, పాత్రను అంచుదాకా నింపి, పైన స్లైడు ఆనిస్తారు. ఆ ద్రవం సాంద్రత సుమారు 1.20. కొంకిపురుగు గుడ్డు అంతకంటే తేలిక కనుక పైకి తేలి స్లైడుకు అంటుకుంటుంది. మలంలోని చెత్త కిందనే ఉండిపోతుంది. ఉప్పు, ఒక చిన్న పాత్ర ఉంటే చాలు కాబట్టి పల్లెల సర్వేలకు ఇది అనువైనది. అయితే ఫలదీకరణ చెందని ఏలికపాము గుడ్లు, బద్దెపురుగు గుడ్లు ఇందులో సరిగా తేలవు. అంటే ఈ పద్ధతి ఒక పురుగును బాగా చూపి మరొక పురుగును దాస్తుంది.

1923లో నార్మన్ స్టోల్ ప్రశ్ననే మార్చాడు. 3 గ్రాముల మలాన్ని తూచి, పలుచని కాస్టిక్ సోడా ద్రావణంతో 45 మిల్లీలీటర్ల గుర్తు వరకు నింపి, గాజుపూసలు వేసి బాగా కుదిపి, అందులోంచి 0.15 మిల్లీలీటరు తీసి మొత్తం గుడ్లను లెక్కించాలి. ఆ సంఖ్యను 100తో గుణిస్తే గ్రాము మలంలోని గుడ్ల సంఖ్య వస్తుంది. మలం గట్టిగా ఉందా, జారుగా ఉందా అన్నదాన్ని బట్టి లెక్కను సవరించే పద్ధతి కూడా ఏర్పడింది. అప్పటివరకు మనుషులు సోకినవారు, సోకనివారు అని రెండు వర్గాలుగా ఉండేవారు. ఈ పద్ధతి తర్వాత తక్కువ భారం మోసేవారు, ఎక్కువ భారం మోసేవారు అన్న తేడా ఏర్పడింది.

తర్వాతి దశలో 1948లో రిచీ ఫార్మలిన్-ఈథర్ పద్ధతిని ప్రకటించాడు. ఫార్మలిన్ గుడ్లను చెడకుండా నిలుపుతుంది. ఈథర్ కొవ్వును లాగేస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక గుడ్లు అడుగున చేరుతాయి. 1954లో జపాన్‌లో కాటో మొదలుపెట్టిన మందపాటి పూతను 1972లో బ్రెజిల్‌లో కాట్జ్ బృందం కొలతకు తెచ్చింది. జల్లించిన మలాన్ని 41.7 మిల్లీగ్రాములు పట్టే రంధ్రంలో నింపి, గ్లిజరిన్‌లో నానబెట్టిన సెల్లోఫేన్ ముక్కతో కప్పి ఒత్తుతారు. కనిపించిన గుడ్లను 24తో గుణిస్తారు. నేటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వేలకు సూచించే పద్ధతి ఇదే.

వీటిలో ఏ పద్ధతికీ సరిగా చిక్కని పురుగు ఒకటుంది. తెలుగు తల్లులందరికీ తెలిసిన నులిపురుగే అది. ఆడపురుగు గుడ్లను పేగులో కాక రాత్రివేళ ఆసనం చుట్టూ చర్మంపై పెడుతుంది. అందుకే మలంలో ఆ గుడ్లు అరుదుగా కనిపిస్తాయి. 1941లో గ్రాహం సూచించినట్లు, తెల్లవారి కడుక్కోకముందే జిగురు టేపును చర్మానికి అంటించి తీసి స్లైడుపై చూడాలి. కంటికి తెలిసిన పురుగును మలం స్లైడు దాదాపు వదిలేస్తుంది. కంటికి తెలియని పురుగును అది పట్టిస్తుంది. వాడుక జ్ఞానం, ప్రయోగశాల జ్ఞానం ఒకదాని స్థానాన్ని మరొకటి ఆక్రమించేవి కావని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అవసరం లేదు.

5. మద్రాసు ప్రెసిడెన్సీలో సర్వేలు:

1920వ దశకంలో రాక్‌ఫెలర్ ఫౌండేషన్ అంతర్జాతీయ ఆరోగ్య విభాగం మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వంతో కలిసి కొంకిపురుగు సర్వే, చికిత్స కార్యక్రమం చేపట్టింది. డాక్టర్ కెండ్రిక్ దానికి నాయకత్వం వహించాడు. తోటల్లో, గనుల్లో పనిచేసే కూలీల శ్రమశక్తి తగ్గుతోందన్న ఆందోళన ఇటువంటి కార్యక్రమాలకు ప్రపంచమంతటా ఊతమిచ్చింది. కూలీ ఆరోగ్యం, తోటల ఆదాయం ఒకే లెక్కలో చేరిన కాలం అది.

అదే దశకంలో కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయంలో పనిచేసిన ఆసా చాండ్లర్ దేశంలోని వివిధ ప్రాంతాల నమూనాలలో గుడ్లను లెక్కించి ఒక ముఖ్యమైన నిర్ణయానికి వచ్చాడు. భారతదేశంలో చాలాచోట్ల పురుగు సోకినవారి శాతం ఎక్కువ. కాని ఒక్కొక్కరిలో ఉన్న పురుగుల సంఖ్య తక్కువ. వర్షపాతం, నేల స్వభావం, మలవిసర్జన అలవాట్లు ఈ భారాన్ని నిర్ణయిస్తాయి. 'ఉందా?' అని మాత్రమే అడిగే పద్ధతికి దేశమంతా రోగగ్రస్తంగా కనిపిస్తుంది. 'ఎన్ని?' అని అడిగే పద్ధతికి ప్రాంతాల మధ్య తేడాలు కనిపిస్తాయి. ఒకే ప్రజలు, ఒకే పురుగు, రెండు వేర్వేరు చిత్రాలు.

6. సంజామల నేల - ఒక లెక్క:

సంజామల నేటి నంద్యాల జిల్లాలోని మండలకేంద్రం. పూర్వం కోయిలకుంట్ల తాలూకాలోనిది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కోయిలకుంట్ల తాలూకా కడప నుంచి అందులోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. ఇది నల్లరేగడి నేల. జొన్న, పత్తి, శనగ ఇక్కడి పంటలు. వేసవిలో నేల నెర్రెలు బారుతుంది. కొంకిపురుగు పిల్లలకు తేమ, నీడ, గాలి ఆడే వదులు మట్టి కావాలి. బిగుసుకుపోయే రేగడి, మాడ్చే ఎండ వాటికి అనుకూలం కావు. అదే కె.సి. కాలువ కింద నంద్యాల, ఆళ్లగడ్డ వైపు మాగాణి గట్లపై తేమ నెలల తరబడి నిలుస్తుంది. కొద్ది మైళ్ల దూరంలోనే పురుగుకు రెండు వేర్వేరు లోకాలు ఉండగలవు. జిల్లా మొత్తానికి ఒకే శాతం చెప్పే అంకె ఈ తేడాను చూపదు.

మెట్టనేలలో భారం తక్కువగా ఉంటుందనుకుందాం. అప్పుడు పరీక్షా పద్ధతి మరీ కీలకమవుతుంది. ఉదాహరణకు ఒక స్త్రీ కడుపులో అయిదు ఆడ కొంకిపురుగులున్నాయనుకుందాం. ఒక్కొక్కటి రోజుకు 9,000 గుడ్లు పెడితే మొత్తం 45,000. జొన్నసంకటి తినేవారి మలం పరిమాణం ఎక్కువ. రోజుకు 300 గ్రాములనుకుంటే, గ్రాముకు 150 గుడ్లు. 2 మిల్లీగ్రాముల పూతలో సగటున 0.3 గుడ్డు. అంటే నాలుగు స్లైడ్లు చూస్తే దాదాపు మూడింటిలో గుడ్డే కనిపించదు. కాట్జ్ పద్ధతిలోని 41.7 మిల్లీగ్రాములలో మాత్రం సుమారు ఆరు గుడ్లుంటాయి. ఇదే స్త్రీకి ఒకే ఒక్క ఆడ ఏలికపాము ఉంటే, అది రోజుకు రెండు లక్షల గుడ్లు పెడుతుంది కనుక, చిన్న పూతలోనూ సగటున ఒక గుడ్డుకు పైగా ఉంటుంది. రక్తం తాగే పురుగులు అయిదున్నా పరీక్షకు దొరకకపోవచ్చు. తాగనిది ఒక్కటున్నా దొరికిపోవచ్చు. స్లైడు మీద కనిపించే వరుస, శరీరానికి కలిగే హాని వరుస ఒకటి కావు.

వేడి కూడా ఫలితాన్ని మారుస్తుంది. కాట్జ్ పద్ధతిలో గ్లిజరిన్ మలాన్ని పారదర్శకం చేస్తూనే కొంకిపురుగు గుడ్డు పలుచని పెంకును కూడా మాయం చేస్తుంది. స్లైడును అరగంట నుంచి గంటలోపు చూడాలి. వేడి ఎక్కువైతే ఈ వ్యవధి ఇంకా తగ్గుతుంది. నమూనాను ఫార్మలిన్ కలపకుండా ఒకరోజుకు మించి ఉంచితే గుడ్డు పగిలి పిల్ల బయటికి వస్తుంది. దాన్ని వేరొక పురుగు పిల్లగా పొరబడే ప్రమాదముంది. ఉదయం పల్లెలో సేకరించిన డబ్బా మధ్యాహ్నపు ఎండలో ప్రయాణించి మరునాడు పట్నంలోని బల్లపైకి చేరితే, ఆ నివేదికలోని 'లేదు' అనే మాటకు విలువ తక్కువ.

ఈ సీమలో పాలిపోయిన ముఖాన్ని చూసినవారు దాన్ని ఆకలి గుర్తుగా చదివారు. 1876-78 కరువులో కర్నూలు జిల్లా అనుభవించినదాన్ని తలచుకుంటే ఆ పఠనం సహజమే. ఆకలి, పురుగు ఒకదానికొకటి ప్రత్యామ్నాయ కారణాలు కావు. ఒక పెద్ద జాతి కొంకిపురుగు రోజుకు 0.15 నుంచి 0.2 మిల్లీలీటరు రక్తం తాగుతుంది. చిన్న జాతిది సుమారు 0.03 మిల్లీలీటరు. కడుపునిండా తినే మనిషి ఆ నష్టాన్ని పూడ్చుకోగలడు. అర్ధాకలి మనిషికి, ముఖ్యంగా ఏటా గర్భం మోసిన స్త్రీకి, అదే నష్టం పాండురోగమవుతుంది. తక్కువ భారం అన్న మాట అందరికీ ఒకే అర్థాన్ని ఇవ్వదు.

7. నమూనా ఇచ్చిన మనిషి:

పద్ధతుల చరిత్రలో నమూనా ఇచ్చిన మనిషి కనిపించడు. 'బయటికి పోవడం', 'చెంబు పట్టుకొని పోవడం', 'దొడ్డికి పోవడం' వంటి మాటలతో ఆ పనిని కప్పి చెప్పే భాష మనది. నేటికీ ల్యాబులో 'మోషన్ టెస్టు' అన్న ఇంగ్లీషు మాటే వాడుకలో ఉంది. మలపరీక్ష అనడానికి నోరు రాదు. అలాంటి సమాజంలో ఇంటింటికీ డబ్బా ఇచ్చి మరునాడు నింపి ఇమ్మనడం చిన్న విషయం కాదు. మలాన్ని తాకే పనిని కొన్ని కులాలకు అంటగట్టిన వ్యవస్థలో ఆ డబ్బాను ఎవరు మోశారు, ఎవరు తెరిచారు, కడిగింది ఎవరు అన్న ప్రశ్నలకు సర్వే నివేదికల పట్టికల్లో గడి ఉండదు. డబ్బా ఇవ్వనివారు లెక్కలోకి రారు. సిగ్గుపడి ఇవ్వనిది స్త్రీలైతే, ఎక్కువ నష్టపోయేవారే అంకెల్లో తక్కువగా కనిపిస్తారు.

8. మాత్రల దినం తర్వాత:

2015లో కేంద్ర ప్రభుత్వం జాతీయ నులిపురుగుల నివారణ దినాన్ని ప్రారంభించింది. 1 నుంచి 19 ఏళ్ల లోపు వారికి బడిలో, అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. మాత్ర మోతాదు 400 మిల్లీగ్రాములు. రెండేళ్లలోపు పిల్లలకు సగం. ఒక్కొక్కరి మలాన్ని పరీక్షించకుండా అందరికీ మందు ఇవ్వడం ఇందులోని సూత్రం. మాత్ర చౌక, సురక్షితం. ఊరందరి మలం చూసే ఖర్చు దానికంటే ఎక్కువ. ఈ వాదనలో న్యాయముంది.

కార్యక్రమం తెలుగు పేరు గమనించదగినది. అది లక్ష్యంగా పెట్టుకున్నవి ప్రధానంగా ఏలికపాము, కొరడాపురుగు, కొంకిపురుగు. తెలుగులో దానికి దక్కిన పేరు మాత్రం నులిపురుగుది. ప్రజలకు తెలిసిన పురుగు పేరుతోనే తెలియని పురుగుకు మందు వేయవలసివచ్చింది. కొంకిపురుగు ఇప్పటికీ మన భాషలో ఇంటిమాట కాలేకపోయింది.

మందు ఇచ్చాక స్లైడు అవసరం తీరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల ప్రకారం ఏడాదికి ఒకసారి మందు ఇవ్వాలా, రెండుసార్లా అన్నది ఆ ప్రాంతంలో సోకినవారి శాతం 20 దాటిందా, 50 దాటిందా అన్నదానిపై ఆధారపడుతుంది. మందు పనిచేస్తోందో లేదో చెప్పడానికి ముందూ తర్వాతా గుడ్లను లెక్కించాలి. అందుకు మలాన్ని కొలిచి పూత వేయగల చేయి, గుడ్డును గాలిబుడగ నుంచి వేరుచేయగల కన్ను ఉండాలి. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. రేగడి నేలను, మాగాణిని పక్కపక్కన పెట్టి చూసే పనికి అంతకంటే దగ్గరి చోటు లేదు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తెలుగులో పేగు పురుగుల వాడుక పేర్లు కంటి పరిశీలన నుంచి పుట్టాయి. కొంకిపురుగు అనే పేరు సూక్ష్మదర్శిని యుగపు కల్పన. ఒక పురుగుకు వాడుక పేరు లేకపోవడం ఆ పురుగు లేదనడానికి ఆధారం కాదు.

2. నమూనా తయారీలో వచ్చిన మార్పు రోగాన్ని గురించి అడిగే ప్రశ్ననే మార్చింది. 'ఉందా?' అన్నదానికి వచ్చిన జవాబును 'ఎన్ని?' అన్నదానికి జవాబుగా చదవకూడదు.

3. సంజామల వంటి మెట్ట ప్రాంతాల విషయంలో పాత నివేదికల్లోని తక్కువ అంకెలను నేల చెప్పిన నిజంగానూ, పద్ధతి దాచిన నిజంగానూ రెండు విధాలా పరీక్షించాలి. జిల్లా సగటు ఇందుకు చాలదు.

4. ప్రాంతీయ చరిత్ర రాసేవారు వైద్య నివేదికల్లోని శాతాలను ఉదహరించేటప్పుడు ఏ పద్ధతిలో, ఎంత మలంతో, ఎంతసేపటిలో చూశారన్న వివరాన్ని కూడా నమోదు చేయాలి. శాసనాన్ని చదివేవారు లిపిని, రాతి స్థితిని పేర్కొన్నట్లే ఇదీ.

చరకుని కాలం నుంచి మన వైద్యం మట్టిని, పురుగును, పాలిపోవడాన్ని పక్కపక్కనే చూసింది. ఆ మూడింటినీ కలిపిన సాక్షి అరవై మైక్రాన్ల గుడ్డు. దాన్ని చూడాలంటే ముందుగా మలాన్ని ముట్టుకోవాలి, తూచాలి, పలుచగా పరచాలి. ఆ పని చేసిన చేతుల పేర్లు ఏ నివేదికలోనూ లేవు. సంజామల పల్లెల్లో పాలిపోయిన తల్లుల గురించి మనకు తెలిసిన కాస్త విషయమైనా ఆ చేతుల వల్ల తెలిసిందే.